డ్రమ్ముకు ఒకటి, వంకకు ఒకటి: దోమ లార్వా మందుల్లో ఏది ఎక్కడ వాడాలి

అనంతపురంలోనో కడపలోనో పురుగుమందుల అంగడికి వెళ్ళి "బీటీ పొడి ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చేది దోమల మందు కాకపోవచ్చు. అంగళ్ళలో మామూలుగా ఉండే బీటీ, కుర్‌స్టాకీ రకం. శనగపచ్చ పురుగు, లద్దెపురుగు లాంటి వాటికి పొలంలో కొట్టేది అదే. దోమలకు కావలసింది అదే బాసిల్లస్ తురింజియెన్సిస్‌లో ఇజ్రాయెలెన్సిస్ అనే వేరే రకం. దాన్నే బీటీఐ అంటారు. పొడి చూస్తే తేడా తెలియదు, ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న రకం పేరు చదివితేనే తెలుస్తుంది. కుర్‌స్టాకీని తెచ్చి తొట్లో కలిపితే దోమ పిల్లలకు, అంటే లార్వాలకు, ఏమీ కాదు. హిందూపురం, ధర్మవరం వైపు మల్బరీ తోటల దగ్గర ఈ పొరపాటు ఇంకా చేటు, ఎందుకంటే కుర్‌స్టాకీ పట్టుపురుగును చంపుతుంది. బీటీఐ విషం దోమలూ ఈగల జాతి మీద పనిచేసేది కాబట్టి పట్టుపురుగుకు ఆ భయం లేదు.

బీటీ అనగానే పత్తి విత్తనం గుర్తొచ్చి "జన్యుమార్పిడి మందా ఇది?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. కాదు. పత్తిలో పెట్టిన జన్యువు ఈ జాతి బాక్టీరియాలోంచి తీసిందే గానీ, బీటీఐ పొడి నేలలో సహజంగా దొరికిన బాక్టీరియాను తొట్లలో పులియబెట్టి ఆరబెట్టింది. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, దోమ పిల్లలు గుంపుగా చచ్చి తేలుతున్న ఒక నీటిగుంటలో ఇది బయటపడింది. మన దేశంలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కూడా బి-17 అనే స్థానిక రకాన్ని తీసి మందుగా తయారుచేసింది.

ప్యాకెట్ మీద రకం పేరు తర్వాత చూడాల్సింది ఐటీయూ అంకె. మిల్లీగ్రాముకు ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, అదే మందు బలం. 3,000 ఐటీయూ ఉన్నదీ అంతకంటే చాలా తక్కువ ఉన్నదీ ఒకే మోతాదులో వేస్తే ఒకచోట డబ్బు దండగ, ఇంకోచోట మందు చాలదు. తయారీ తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు లేని విడి పొడి ఎంత చౌకగా ఇచ్చినా కొనొద్దు.

తింటేనే చస్తుంది

ఈ మందు గురించి ఒక్క సంగతి అర్థమైతే మిగతా లెక్కలన్నీ దానంతటవే తేలతాయి. బీటీఐ తాకితే చంపే మందు కాదు, తింటే చంపేది. బాక్టీరియా బీజంతో పాటు ప్రోటీను స్ఫటికాలు ఉంటాయి. దోమ పిల్ల నీళ్ళలోని నలుసులతో పాటు వాటినీ మింగుతుంది. దాని పేగులో క్షారం ఎక్కువ, పీహెచ్ 10 దాకా ఉంటుంది. ఆ క్షారంలో స్ఫటికం కరిగి, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. గంటలోపు తినడం ఆపేస్తుంది, 24 గంటల్లో చస్తుంది. మనిషి కడుపులో ఉండేది ఆమ్లం, పేగులో ఆ విషం పట్టుకునే చోటూ లేదు. చేపకు, కప్పకు, గొడ్డుకు, తేనెటీగకు కూడా అంతే.

తినే దశలో ఉన్న పిల్లకే పనిచేస్తుందంటే, తినడం మానేసిన దశకు పనిచేయదనే కదా. లార్వా నాలుగో దశ చివరికి వచ్చాక తినదు. తర్వాత కామా గుర్తులాగా ముడుచుకుని గెంతే ప్యూపా అసలే తినదు. మన ఎండలకు గుడ్డు నుంచి దోమ రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులు. మందు వేసిన రోజున నీళ్ళలో ప్యూపాలు నిండుగా ఉంటే, రెండు రోజుల్లో అవన్నీ దోమలై ఇంట్లోకి వస్తాయి. "మందు వేశాక దోమలు ఎక్కువయ్యాయి" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. మందులో లోపం లేదు, వేసిన రోజు ఆలస్యమైంది.

అందుకే మందు కొనకముందే ఒక పని చేయండి. తెల్లటి గిన్నెనో పళ్ళేన్నో పొడుగు కర్రకు కట్టి, నీటి అంచున నీడ పడకుండా మెల్లగా ముంచి తీయండి. నీడ పడితే పిల్లలన్నీ అడుక్కు పోతాయి, ఏమీ లేవనుకుంటాం. గిన్నెను ఒక నిమిషం కదల్చకుండా పట్టుకుంటే అవి మళ్ళీ పైకి వస్తాయి. నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకున్నట్టు తేలితే అనాఫిలిస్, మలేరియా దోమ జాతి. తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతూ తోక గొట్టం పొడుగ్గా ఉంటే క్యూలెక్స్, మురుగు దోమ. దాదాపు నిట్టనిలువుగా వేలాడుతూ, గొట్టం పొట్టిగా ఉండి, పాములా మెలికలు తిరుగుతూ కిందికి దిగితే ఏడిస్, డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది. ఏ జాతో తెలిస్తే ఎంపికలో సగం అయిపోయినట్టే.

ఇంటి నీళ్ళు: డ్రమ్ములు, తొట్లు, సంపు

మన జిల్లాల్లో ఇదే అసలు రంగం. కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది, కొన్ని వీధుల్లో ఇంకా ఆలస్యం. కాబట్టి ప్రతి ఇంటి ముందూ నీలం డ్రమ్ములు, బాత్రూంలో సిమెంటు తొట్టి, వెనక గొడ్ల తొట్టి, మిద్దె మీద మూత పగిలిన ట్యాంకు. వానలు తక్కువ పడే అనంతపురంలో డెంగీ రావడానికి ఈ నిల్వ నీళ్ళే దారి. ఏడిస్‌కు వాన అక్కర్లేదు, డ్రమ్ము చాలు.

ఇక్కడ మొదటి ఎంపిక మందు కాదని గట్టిగా చెప్పాలి. వారానికోసారి ఖాళీ చేసి, కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడల్ని రుద్ది, ఎండబెట్టి నింపుకోవడం అన్ని మందులకంటే మేలు. రుద్దాలి అన్నది ముఖ్యం. ఏడిస్ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి మట్టానికి కాస్త పైన తడి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండి ఉండి కూడా నీళ్ళు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు పారబోసి రుద్దకుండా నింపితే అంతకు ముందు పెట్టిన గుడ్లే మళ్ళీ లేస్తాయి. శుక్రవారం నీళ్ళు పారబోసే డ్రై డే పాటించే ఇళ్ళలోనూ దోమ పిల్లలు కనిపిస్తున్నాయంటే ముందు చూడాల్సింది తొట్టి గోడనే.

అయితే 5,000 లీటర్ల సంపును వారం వారం ఖాళీ చేయమంటే ఈ నీటి కరువులో ఎవరు చేస్తారు? చేయమని అడగడమూ న్యాయం కాదు. మూత బిగుతుగా పెట్టడం, గాలి గొట్టానికి, ఓవర్‌ఫ్లో గొట్టానికి సన్న జాలీ కట్టడం చేశాక కూడా పిల్లలు కనిపిస్తే మందు ప్రశ్న వస్తుంది. పోల్చాల్సినవి రెండు: టెమిఫాస్, అంటే మలేరియా సిబ్బంది అబేట్ అని పిలిచేది, ఇంకోటి బీటీఐ.

అబేట్ చౌక. లార్వా దశలన్నిటి మీద వేగంగా పనిచేస్తుంది, ప్యూపా మీద పనిచేయదు. 50 శాతం ద్రావణం 1,000 లీటర్లకు 2 మి.లీ. వేస్తే లీటరుకు 1 మి.గ్రా. అవుతుంది. తాగునీటి పాత్రలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ హద్దు కూడా అదే. కానీ ఇది ఆర్గానోఫాస్ఫేట్, పొలంలో కొట్టే మందుల కుటుంబం. మోతాదు పది రెట్లు పడితే ఏమవుతుందన్న భయం దీనితో న్యాయమైన భయమే. వాసన వస్తుంది, సిబ్బంది వెళ్ళగానే ఇంట్లోవాళ్ళు నీళ్ళు పారబోస్తారు. చాలా దేశాల్లో ఏడిస్ దీనికి తట్టుకోవడం నేర్చుకుంది.

బీటీఐకి వాసన, రుచి లెక్కలోకి రానంత తక్కువ. తాగునీటి పాత్రల కోసమే తయారైన 3,000 ఐటీయూ గుళిక రకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు లీటరుకు 1 నుంచి 5 మి.గ్రా. అంటే 200 లీటర్ల డ్రమ్ముకు గ్రాములో ఐదో వంతు నుంచి ఒక గ్రాము వరకు. చిటికెడు లెక్కన వేస్తే మోతాదు ఎటు పోతుందో చెప్పలేం. దీనికో ఉపాయం ఉంది: వంటింటి డిజిటల్ త్రాసులో 10 గ్రాములు తూచి, లీటరు సీసాలో నీళ్ళు పోసి బాగా గిలకొట్టండి. ఆ నీళ్ళు 40 మి.లీ. పోస్తే 200 లీటర్ల డ్రమ్ముకు లీటరుకు 2 మి.గ్రా. పడినట్టు. 100 మి.లీ. అయితే 5 మి.గ్రా. పోసే ప్రతిసారీ సీసా గిలకొట్టాలి, లేకపోతే మందంతా అడుగునే ఉండిపోతుంది. కలిపిన సీసా ఆ రోజుకే, మర్నాటికి దాచొద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మురుగుకాలువలకు కొట్టే బీటీఐ పొడిని తాగే నీళ్ళలో వేయకండి. బాక్టీరియా ఒకటే అయినా, తాగునీటికి వాడేది ఇతర సూక్ష్మజీవులు కలవకుండా పరిశుభ్రంగా తయారైనదై ఉండాలి. కాలువల పొడిలో ఏం కలిపి ఆరబెట్టారో దాని లేబుల్ చెప్పదు. "తాగునీటి పాత్రలకు" అని లేబుల్ మీద లేకపోతే అది వాడుక నీళ్ళకూ బయటి నీళ్ళకూ మాత్రమే.

తాగునీటి రకం దొరికితే, సంపుకు మా ఓటు బీటీఐకే. దొరకని చోట, జ్వరాలు పెరుగుతున్న వీధిలో, సిబ్బంది కొలత ప్రకారం వేసే అబేట్‌ను తిరస్కరించొద్దు. ఇంట్లోవాళ్ళే అబేట్ డబ్బా కొని అందాజుగా పోయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

మురుగు: నడిమివంక, బుగ్గవంక, సైడు కాలువలు

అనంతపురం నడిమివంక, కడప బుగ్గవంక, కర్నూలు హంద్రీలో కలిసే మురుగు కాలువలు, అన్నిచోట్లా రాజ్యం క్యూలెక్స్‌దే. ఇలాంటి నీళ్ళలో బీటీఐకి ఒక బలహీనత ఉంది. నీళ్ళలో కుళ్ళిన నలుసులు ఎంత ఎక్కువుంటే పిల్ల అవే తిని కడుపు నింపుకుంటుంది, మందు వంతుకు తక్కువ పడుతుంది. మందు కూడా బురదకు అంటుకుని అడుక్కు దిగిపోతుంది. నాలుగైదు రోజుల్లోనే కొత్త పిల్లలు కనిపిస్తాయి.

దీనికి జవాబు ఇంకో బాక్టీరియా. బాసిల్లస్ స్ఫేరికస్ అని పాత పేరు, ఇప్పుడు లైసినీబాసిల్లస్ స్ఫేరికస్ అంటున్నారు. చచ్చిన పిల్లల శరీరాల్లోనే మళ్ళీ పెరుగుతుంది కాబట్టి మురుగులో కూడా వారాల తరబడి నిలుస్తుంది. క్యూలెక్స్ మీద దీన్ని మించింది లేదు. ఏడిస్ ఈజిప్టై మీద మాత్రం దాదాపు పనిచేయదు. డెంగీ కోసమని డ్రమ్ముల్లో స్ఫేరికస్ వేస్తే శ్రమంతా వృథా.

దానికి ఇంకో లోటు ఉంది. బీటీఐలో నాలుగు రకాల విష ప్రోటీన్లు కలిసి పనిచేస్తాయి, అన్నిటినీ ఒకేసారి తట్టుకోవడం దోమకు కష్టం. స్ఫేరికస్‌ది ఒకే జంట విషం. 1990ల్లో కొచ్చిలో వరసగా దీన్నే వాడితే అక్కడి క్యూలెక్స్ గట్టిగా తట్టుకోవడం మొదలుపెట్టింది. కాబట్టి ఒక సీజనంతా స్ఫేరికస్ ఒక్కదాన్నే పట్టుకోవద్దు. ఒక విడత ఇది, తర్వాతి విడత బీటీఐ అని మార్చుకుంటూ పోవాలి. రెండూ కలిపిన గుళికలు ఉన్నాయి, బలం తెలిసిన లేబుల్ అయితే అవీ మంచివే.

లెక్క ఒకటి చూద్దాం. 5 శాతం బీటీఐ పొడికి దోమల నియంత్రణ జాతీయ కార్యక్రమం వాడే మోతాదు 200 లీటర్ల నీళ్ళలో మంచినీటికి హెక్టారుకు 5 కిలోలు, మురుగుకు 7.5 కిలోలు. మీ ప్యాకెట్ వేరే అంకె చెబితే ప్యాకెట్ మాటే వినండి. 60 సెం.మీ. వెడల్పు, 400 మీటర్ల పొడవున్న సైడు కాలువ 240 చదరపు మీటర్లు. మురుగు లెక్కన చదరపు మీటరుకు ముప్పావు గ్రాము, అంటే 180 గ్రాముల పొడి. నీళ్ళు దాదాపు 5 లీటర్లు చాలు.

పారుతున్న నీళ్ళలో వేసిన మందు నీళ్ళతోనే పోతుంది. ముందు పూడిక తీయించండి. పారుదల ఉన్నచోట క్యూలెక్స్ గుడ్లే నిలవవు, కవర్లూ సీసాలూ అడ్డుపడి నీళ్ళు ఆగినచోటే మందు అవసరం. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ కట్టడం ఏ మందుకంటే చౌక, ఒక్కో ట్యాంకులోంచి రాత్రికి వందల దోమలు లేస్తాయి.

ఇక నూనె. లార్వా నూనె గానీ, మున్సిపాలిటీలు వేసే ఆయిల్ బాల్స్ గానీ నీటి మీద పొర కట్టి పిల్లల ఊపిరి ఆపుతాయి. నూనెకున్న పెద్ద గుణం, అది ప్యూపాను కూడా చంపుతుంది. గిన్నెలో ప్యూపాలు ఎక్కువ కనిపించిన మురుగులో మొదటి విడతకు నూనె, వారం తర్వాత బాక్టీరియా మందు, ఇది తెలివైన వరుస. గాలి ఎక్కువుండే మన వైపు నూనె పొర ఒక ఒడ్డుకు చేరిపోయి మిగతా నీళ్ళు ఖాళీగా ఉంటాయి, మళ్ళీ వేయాలి. బండ్ల పాత ఇంజనాయిల్‌ను బావుల్లో, కుంటల్లో పోయడం మాత్రం నేరమనే అనుకోవాలి. అందులోని లోహాలు ఆ నీళ్ళను విడిచిపోవు.

గుంతలు, కుంటలు, బావులు

బేతంచెర్ల, యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి తీసి వదిలేసిన గుంతల్లో వాన నీళ్ళు నెలల తరబడి నిలుస్తాయి. అనంతపురం పొలాల్లో తవ్వించిన ఫారంపాండ్లదీ అదే కథ. నీళ్ళు తేటగా ఉంటాయి, అనాఫిలిస్‌కు ఇష్టమైన చోటు.

ఇక్కడ చేపలే మొదటి ఎంపిక. గంబూషియా చేప రోజుకు 100 నుంచి 300 దోమ పిల్లల్ని తింటుంది, గప్పీ 80 నుంచి 100. గప్పీ కాస్త మురికి నీళ్ళనూ ఓర్చుకుంటుంది. ఒడ్డు పొడవున మీటరుకు 5 నుంచి 10 చేపలు వదలాలి. తెల్లవారుజామున తీసుకెళ్ళి, సంచిని పావుగంట నీళ్ళలో తేలనిచ్చి అప్పుడు విప్పండి, వేడి తేడాకు చేపలు చావకుండా. ఒడ్డున గడ్డీ నాచూ పేరుకుంటే చేప లోపలికి పోలేదు, పిల్లలు అక్కడే దాక్కుంటాయి, గడ్డి తీయాలి. గంబూషియాను కేసీ కెనాల్‌లో గానీ, పెన్నలో గానీ, ఊరి చెరువులో గానీ వదలొద్దు. అది పరాయి చేప, మన చేపల గుడ్లనూ పిల్లల్నీ తినేస్తుంది. నాలుగు గోడల మధ్య ఉన్న బావికీ, బయటికి పొర్లని గుంతకే అది తగినది.

ఎండాకాలం ఎండిపోయే గుంతకు చేప దండగ, అక్కడ బీటీఐ. చేపలున్న నీళ్ళలోనూ బీటీఐ వేయొచ్చు, రెంటికీ గొడవ లేదు. అబేట్‌కూ నూనెకూ ఆ సౌలభ్యం లేదు. 25 మీటర్లు, 20 మీటర్ల గుంతకు 250 గ్రాముల 5 శాతం పొడి, 10 లీటర్ల నీళ్ళలో. ఇక్కడ ఒక చిక్కు: అనాఫిలిస్ నీటి పైపొరలోనే తింటుంది, పొడి మాత్రం గంటల్లో కిందికి దిగుతుంది. అందుకే పైన తేలే గుళికలు దొరికితే అవి మేలు. పొడి అయితే సన్నటి తుంపర్లుగా, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ ప్రోటీన్లను పాడుచేస్తాయి.

కేసీ కెనాల్ కింది వరి మళ్ళలో పెరిగే క్యూలెక్స్ మెదడువాపు మోసే జాతి. అంత విస్తీర్ణానికి మందు కొట్టడం ఎవరి తరమూ కాదు. వారానికోసారి మడి ఆరబెట్టే ఆరుతడి పద్ధతే అక్కడ పనిచేసేది.

కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు

పొడిని నేరుగా స్ప్రేయర్ ట్యాంకులో పోస్తే ఉండలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. ముందు చిన్న బకెట్లో కొద్ది నీళ్ళతో దోసెపిండిలా చేసి, తర్వాత పల్చన చేసి, గుడ్డలో వడకట్టి పోయండి. కొడుతున్నంతసేపూ మధ్యమధ్య ట్యాంకును కుదపాలి. పొలం మందు కొట్టిన స్ప్రేయర్ వాడక తప్పకపోతే సబ్బు నీళ్ళతో మూడుసార్లు కడగండి, చేపలున్న చోటికి మాత్రం దాన్ని తీసుకెళ్ళొద్దు.

నిల్వలో జరిగే నష్టం కంటికి కనిపించదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో ఉంచిన ప్యాకెట్, తెరిచి చెమ్మ తగిలిన ప్యాకెట్ చూడటానికి బాగానే ఉంటాయి, బలం పోయి ఉంటుంది. ద్రవ రూపం ఇంకా సుకుమారం. నీడగా, చల్లగా, మూత బిగించి పెట్టి ఒక్క సీజన్‌కు సరిపడానే కొనండి. పాత ప్యాకెట్ మీద అనుమానముంటే లేబుల్ మోతాదులో ఒక బకెట్లో కలిపి, 20 చిన్న దోమ లార్వాలను వేసి, మందు లేని బకెట్లో ఇంకో 20 వేసి మర్నాడు లెక్కపెట్టండి. రెండు బకెట్లలోనూ అవి ఈదుతుంటే ఆ ప్యాకెట్ పారేయాల్సిందే.

బీటీఐ మనిషికి విషం కాదు గానీ పొడి పొడే. కంట్లో పడితే మంట, ముక్కులోకి పోతే దగ్గు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇంకా ఇబ్బంది. కలిపేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకోండి. కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్ళు పోసి కడగాలి. ప్యాకెట్ మీద డైమండు గుర్తు రంగు కూడా గమనించండి: ఎరుపు అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఏ రంగైనా ఇంట్లో చిన్నపిల్లలకు అందనివ్వొద్దు. బీటీఐ దోమలతో పాటు వాటి దగ్గరి చుట్టాలైన కుట్టని చిన్న ఈగల పిల్లల్ని కూడా ఎక్కువ మోతాదులో చంపుతుంది. చేపలూ పక్షులూ వాటిని తిని బతుకుతాయి. ఫ్రాన్సులోని కమార్గ్ చిత్తడి నేలల్లో విస్తారంగా చల్లినచోట వాన కోయిలల జాతి పక్షులకు తిండి తగ్గి పిల్లలు తక్కువైనట్టు గమనించారు. లేబుల్ కంటే రెట్టింపు వేస్తే మంచిదనే ఆలోచనకు ఇది సరైన జవాబు.

మందు వేసిన మర్నాడు అదే గిన్నెతో, అదే చోట ముంచి చూడండి. పిల్లలు చచ్చి ప్యూపాలు మాత్రమే ఉంటే మందు పనిచేసింది, వారానికి మళ్ళీ వేయండి. పిల్లలూ బతికే ఉంటే ముందు లేబుల్ రకం, తర్వాత తయారీ తేదీ, తర్వాత మోతాదు, ఆ వరసలో తప్పు వెతకండి. అన్నీ సరిగ్గా ఉండి, స్ఫేరికస్ వాడిన మురుగు కాలువైతే అక్కడ మందు మార్చి, ఆ సంగతి మలేరియా సిబ్బందికి చెప్పండి. డ్రమ్ముల్లో మాత్రం అవి బతికే ఉంటే ఇంకో ప్యాకెట్ కొనకముందు తొట్టి లోపలి గోడకు వేలు రాసి చూడండి, నల్లటి నలుసులు వేలికి అంటుకుంటే ఆ రోజు కావలసింది కొబ్బరి పీచు.